రాయలసీమ ఉన్నత విద్యలో సమ్మిళితత్వం: తెలుగు శాఖల భాష, పాఠ్యం, పరిశోధన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

విశ్వవిద్యాలయంలో సమ్మిళిత విద్య అనగానే చర్చ ప్రవేశాల దగ్గర మొదలై ప్రవేశాల దగ్గరే ఆగిపోవడం పరిపాటి. రిజర్వేషన్ల శాతాలు, భర్తీ అయిన సీట్లు, వసతిగృహాల సంఖ్య చెబితే వైవిధ్యం సాధించినట్టేనన్న భావన స్థిరపడింది. ప్రవేశం తొలి మెట్టు మాత్రమేనని, ఆ తర్వాత భాష, పాఠ్యం, పరిశోధన, అందుబాటు అనే నాలుగు మెట్లు ఉన్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నంద్యాల జిల్లా జూపాడు బంగ్లా ప్రాంతం నుంచి విశ్వవిద్యాలయానికి సాగే దారిని నేపథ్యంగా తీసుకొని, ఈ నాలుగు మెట్ల దగ్గర తెలుగు శాఖలు ఏం చేస్తున్నాయో, ఏం చేయవచ్చో పరిశీలిస్తుంది. చట్టం సీటు ఇవ్వగలదు గాని, ఆ సీటులో కూర్చున్న విద్యార్థి మాటకు విలువ ఇవ్వవలసింది శాఖే అన్నది ఈ వ్యాసం సారాంశం.

కీలక పదాలు: సమ్మిళిత విద్య, వైవిధ్యం, రాయలసీమ, పాఠ్యప్రణాళిక, మాండలికం, సందేశకావ్యం, జానపద పరిశోధన, యూనికోడ్.

1. ప్రవేశిక

జూపాడు బంగ్లా నందికొట్కూరు, ఆత్మకూరుల నడుమ ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే దాకా అది కర్నూలు జిల్లాలో భాగం. ఊరి పేరులోనే రెండు భాషా సంప్రదాయాలు కలిసి ఉన్నాయి. 'పాడు' తెలుగు ఊళ్ల పేర్ల చివర తరచుగా కనిపించే పదం. 'బంగ్లా' హిందుస్తానీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. ఈ కలయిక పేరుకే పరిమితం కాదు. తెలుగు, ఇంట్లో దక్కనీ ఉర్దూ, తండాల్లో లంబాడీ భాష, నల్లమల వైపు వెళ్తే చెంచుల తెలుగు, ఇవన్నీ వినిపించే నేల ఇది. శ్రీశైలం జలాశయం నీటిని రాయలసీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ కూడా ఈ మండలంలోనే ఉంది.

ఇక్కడి రైతులకు ఒక సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గేట్లు ఎత్తడం వేరు, చివరి ఆయకట్టుకు నీరు అందడం వేరు. కాలువ ఎంత పెద్దదైనా పిల్లకాలువ పూడిపోతే చివరి మడి ఎండుతుంది. ఉన్నత విద్యకు సంబంధించి కూడా ఇదే ప్రశ్న వేసుకోవాలి. ప్రవేశాల గేట్లు ఎంత మేరకు తెరుచుకున్నాయన్నది ఒక లెక్క. తరగతి గదిలో, జవాబుపత్రంలో, సిద్ధాంతగ్రంథంలో ఆ విద్యార్థికి ఏం అందిందన్నది మరొక లెక్క. మొదటి లెక్క ప్రభుత్వ నివేదికల్లో దొరుకుతుంది. రెండో లెక్క శాఖలు తమకు తాముగా వేసుకోవలసినది.

2020 జాతీయ విద్యావిధానం ఉన్నత విద్యలో సమత, సమ్మిళితత్వాలకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. ఆ తర్వాత ఈ మాటలు సదస్సుల శీర్షికల్లో విరివిగా కనిపిస్తున్నాయి. అయితే ఒక నిర్దిష్ట శాస్త్రశాఖ తన పాఠ్యాన్నీ మూల్యాంకనాన్నీ ఈ దృష్టితో పరీక్షించుకోవడం అరుదు. తెలుగు శాఖకు ఈ బాధ్యత ఎక్కువ. విద్యార్థి ఇంటి నుంచి తెచ్చుకున్న భాషే ఇక్కడ అధ్యయన వస్తువు.

2. ప్రాంతం: విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చిన దారి

రాయలసీమలో విశ్వవిద్యాలయ చరిత్ర అంటేనే చేర్పు కోసం జరిగిన పోరాట చరిత్ర. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదం దత్తమండలాల్లో అసంతృప్తిని మిగిల్చింది. ఆ మండలాలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోకి వెళ్లాయి. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు సూచనతో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు స్థిరపడింది. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసం శ్రీబాగ్‌లో కుదిరిన ఒప్పందం నీటి పంపకాల గురించీ రాజధాని గురించీ మాత్రమే మాట్లాడలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి కేంద్రాలు ఉండాలని కూడా చెప్పింది. నీటితో సమానంగా విశ్వవిద్యాలయాన్ని కోరిన ఒప్పందం అది. ఈ అంశం తెలుగు విద్యాచరిత్ర చర్చల్లో రావలసినంతగా రాలేదు.

ఆ కోరిక విడతలు విడతలుగా తీరింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1968లో అనంతపురంలో ప్రారంభమైన స్నాతకోత్తర కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంటే తొలి ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ, కర్నూలు ప్రాంతం తనదని చెప్పుకోగల విశ్వవిద్యాలయానికీ నడుమ 82 ఏళ్లు గడిచాయి. జూపాడు బంగ్లా వంటి ఊళ్లలో నేటికీ తమ కుటుంబం నుంచి విశ్వవిద్యాలయ మెట్లెక్కిన మొదటి తరం కనిపించడానికి పేదరికంతో పాటు ఈ దూరం, ఈ కాలవ్యవధి కూడా కారణాలు.

ఈ క్రమంలో మరొక ధోరణి కూడా కనిపిస్తుంది. స్త్రీల కోసం 1983లో తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, ఉర్దూ మాధ్యమం కోసం 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, గిరిజన విద్య కోసం 2019లో విజయనగరం ప్రాంతంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఇవన్నీ అవసరమైన సంస్థలే. చదువుకు దూరంగా ఉన్న వర్గానికి తనదైన చోటు దొరకడం చిన్న విషయం కాదు. అయితే ప్రత్యేక సంస్థ ఏర్పడగానే మిగిలిన విశ్వవిద్యాలయాలు తమ బాధ్యత తీరిపోయిందని భావిస్తే అది చేర్పు కాదు, మర్యాదగా జరిగిన విభజన. కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నంత మాత్రాన, తెలుగు ఎం.ఏ. చదవడానికి వచ్చిన ఉర్దూ మాతృభాషా విద్యార్థిని పట్ల తెలుగు శాఖ బాధ్యత తగ్గదు.

3. ప్రవేశం: చట్టం ఇచ్చినది, ఇవ్వలేనిది

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యాప్రవేశాలకు షెడ్యూల్డ్ కులాలకు 15, షెడ్యూల్డ్ తెగలకు 6, వెనుకబడిన తరగతులకు 29 శాతం రిజర్వేషన్లు ఉన్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని నిర్దేశించింది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు హిజ్రాలను, ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను విద్యలో ప్రత్యేక అవకాశాలకు అర్హులుగా గుర్తించింది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిని ఒక స్థానిక ప్రాంతంగా గుర్తించి 85 శాతం సీట్లను స్థానికులకు ఉంచింది.

ఈ అంకెల వెనుక దశాబ్దాల ఉద్యమాలున్నాయి. వాటిని తేలికగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని అంకె ఎప్పుడూ ఒక సమూహాన్ని ఏకరూపంగానే చూస్తుంది. ఆ సమూహంలోని తేడాలు కనిపించాలంటే మళ్లీ పోరాటం కావాలి. మాదిగ దండోరా ఉద్యమం మూడు దశాబ్దాలు అడిగిన వర్గీకరణను 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాజ్యాంగబద్ధమేనని చెప్పడం, 2025లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాలను మూడు వర్గాలుగా విభజించడం ఈ సత్యాన్నే రుజువు చేశాయి. స్థానికత విషయమూ అంతే. తిరుపతి పట్టణ విద్యార్థి, నల్లమల అంచు తండా విద్యార్థి ఒకే స్థానిక ప్రాంతం కిందికి వస్తారు. ఇద్దరి దారులు ఒకటి కావు.

తెరిచిన తలుపు విషయంలో తెలుగు నేల దేశానికి ఒక ఉదాహరణ కూడా ఇచ్చింది. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, దేశంలో మొదటిది. మధ్యలో చదువు ఆగిపోయిన వారు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించింది. అక్కడ ఆచార్యుడిగా పనిచేసిన కేతు విశ్వనాథరెడ్డి కథకుడు, కడప జిల్లా ఊళ్ల పేర్లపై పరిశోధించిన పండితుడు. ఎదురుగా అధ్యాపకుడు లేని విద్యార్థికి పాఠమే అధ్యాపకుడు కావాలి. కాబట్టి పాఠం రాసేవాడు చదివేవాడిని ముందుగా ఊహించుకోక తప్పదు. సమ్మిళిత విద్యకు ఇదే మూలసూత్రం. రోజూ విద్యార్థి ముఖం చూసే సంప్రదాయ విశ్వవిద్యాలయం మాత్రం ఆ ఊహ చేయవలసిన అవసరాన్ని తరచు మరిచిపోతుంది.

4. భాష: ప్రమాణానికీ మూల్యాంకనానికీ నడుమ

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమాన్ని శైలి వివాదంగా చదవడం అలవాటైంది. నిజానికి అది విద్యలో చేర్పు కోసం జరిగిన ఉద్యమం. సవరల పిల్లలకు వారి భాషలోనే పాఠాలు ఉండాలని సవర నేర్చుకొని, పాఠ్యపుస్తకాలు రాసి, 1931లో సవర వ్యాకరణాన్ని ప్రకటించిన వ్యక్తే, తెలుగు పిల్లలకు తెలిసిన తెలుగులో చదువు చెప్పాలని వాదించాడు. ఈ రెండు పనులూ ఒకే ఆలోచన నుంచి పుట్టాయి. పాఠ్యప్రణాళికలు రెండో గిడుగును భాషోద్యమం యూనిట్‌లో ఉంచి, మొదటి గిడుగును పాదసూచికకు పరిమితం చేయడం వల్ల ఆ ఆలోచన ముక్కలైంది.

వ్యావహారికం గెలిచింది. కాని గెలిచిన వ్యావహారికం ఏది? భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. ఆధునిక ప్రమాణభాషకు ప్రధానంగా మధ్యమండలం, అంటే కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల విద్యావంతుల భాష ఆధారమైంది. రాయలసీమ దక్షిణ మండలంలో చేరింది. ఆయన సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం రైతుల నోటి మాటలను సేకరించి పండితుల బల్లమీద పెట్టింది. రాయలసీమ రైతు 'మడక' అన్న పనిముట్టే మరొకచోట 'నాగలి'. కోశంలో రెండూ ఆరోపాలే, రెండింటికీ సమాన గౌరవం.

ఆ గౌరవం మూల్యాంకనం దాకా వచ్చిందా? ఎం.ఏ. విద్యార్థి ఒకరు భాషాశాస్త్రం జవాబులో 'మడక'ను మాండలికానికి ఉదాహరణగా రాస్తే మార్కు పడుతుంది. అదే విద్యార్థి ఆధునిక సాహిత్యం జవాబులో తన సొంత వాక్యంగా 'రైతు మడక పట్టినాడు' అని రాస్తే ఎర్రసిరా గీత పడే అవకాశం ఎక్కువ. మొదటి సందర్భంలో అతని భాష వస్తువు, రెండో సందర్భంలో దోషం. మాండలికాన్ని చదువుతాం గాని మాండలికంతో రాయనివ్వం అన్నది ఈ వైఖరిలోని వైరుధ్యం. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథల్లో చిత్తూరు జిల్లా భాషను మెచ్చుకుంటూ వ్యాసం రాయమని ప్రశ్న ఇచ్చే శాఖలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రమాణభాష అక్కరలేదని దీనర్థం కాదు. శ్రీకాకుళం విద్యార్థీ నంద్యాల విద్యార్థీ పరస్పరం చదువుకోవడానికి ఉమ్మడి భాష కావాలి. ఉద్యోగ పరీక్షలు కూడా ఆ భాషనే అడుగుతాయి. దాన్ని నేర్పకపోతే విద్యార్థికి అన్యాయమే జరుగుతుంది. అయితే నేర్పే పద్ధతి రెండు రకాలు. ఇంటి మాటను తుడిచివేసి కొత్త మాట పెట్టడం ఒకటి. ఇంటి మాట పక్కన మరొక మాట చేర్చి, ఏది ఎక్కడ వాడాలో చెప్పడం రెండోది. ఉర్దూ, లంబాడీ మాతృభాషలుగా గల విద్యార్థులకు ఈ తేడా మరింత కీలకం. వారికి తెలుగు రెండో భాష. బడిలో నేర్చుకున్న తెలుగుతో తెలుగు సాహిత్యాన్నే ప్రధాన విషయంగా ఎంచుకోవడం సాహసం. ఆ సాహసాన్ని ఉచ్చారణ లోపంగా లెక్కించే శాఖ తన భాష విస్తరణను తానే అడ్డుకుంటున్నట్టు.

5. పాఠ్యం: చివరి యూనిట్ సమస్య

గత మూడు దశాబ్దాల్లో తెలుగు పాఠ్యప్రణాళికలు ఎంతో మారాయి. స్త్రీవాద, దళిత, ముస్లిం మైనారిటీ, ప్రాంతీయ అస్తిత్వ సాహిత్యాలు ఎం.ఏ. స్థాయిలో స్థానం సంపాదించాయి. ఇది నిస్సందేహంగా విజయమే. కాని వీటి అమరిక పరిశీలించదగింది. సాధారణంగా ఇవి ఆధునిక సాహిత్యం పత్రం చివరి యూనిట్‌లోనో, ఐచ్ఛిక పత్రంలోనో, వాదాల వరుసలో ఒక్కొక్కటిగా ఉంటాయి. కాలం చాలక ముందుగా వదిలిపెట్టే యూనిట్ సాధారణంగా చివరిదే. ప్రశ్నపత్రం కూడా లక్షణాలు వివరించమని అడుగుతుందే గాని ఫలానా కవితను విశ్లేషించమని అడగడం తక్కువ. ఒక రకంగా పాఠ్యప్రణాళికలో కూడా వేరు వరుస ఏర్పడింది.

జాషువ 'గబ్బిలం' ఇందుకు మంచి ఉదాహరణ. 1941లో వచ్చిన ఈ కావ్యాన్ని దళిత చైతన్యానికి తొలి వెలుగుగా చదవడం న్యాయమే. అయితే అది సందేశకావ్యం కూడా. గుడిలోకి ప్రవేశం లేని అరుంధతీసుతుడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. కాళిదాసు 'మేఘసందేశం'లో విరహి అయిన యక్షుడి స్థానంలో ఇక్కడ ఆకలిగొన్న అస్పృశ్యుడు ఉన్నాడు. మేఘం స్థానంలో అందరూ అశుభమనుకునే ప్రాణి ఉంది. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. సంప్రదాయ ప్రక్రియను జాషువ లోపలినుంచి తిప్పివేసిన తీరు అర్థం కావాలంటే ఈ కావ్యాన్ని సందేశకావ్యాల వరుసలో, మేఘసందేశం పక్కన చదవాలి. చివరి యూనిట్‌లో మాత్రమే చదివితే జాషువలోని నిరసన కనబడుతుంది, శిల్పి మరుగున పడతాడు. మేఘసందేశాన్ని గబ్బిలం లేకుండా చదివితే ఆ ప్రక్రియకు తెలుగులో ఏం జరిగిందో తెలియకుండా పోతుంది. రెండు వైపులా నష్టమే.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) విషయంలో మరొక కోణం ఉంది. చరిత్ర తనకు అంటగట్టిన ద్రోహి ముద్రను ప్రశ్నించే ఈ దీర్ఘకవిత చరిత్రరచనపై విమర్శ కూడా. దాన్ని ముస్లిం జీవితానికి నమూనాగా మాత్రమే చదివితే, తరగతిలో ఉన్న ముస్లిం విద్యార్థి వైపు మిగిలిన చూపులన్నీ తిరుగుతాయి. అతడు తన సమాజం తరఫున సమాధానం చెప్పవలసిన సాక్షి అవుతాడు. దీర్ఘకవితా నిర్మాణం, చరిత్రకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం అనే చర్చల్లో భాగంగా చదివితే, సమాధానం చెప్పవలసిన బాధ్యత తరగతి మొత్తానిది అవుతుంది. పాఠ్యం ఒకటే, బోధన దిశ మారింది. సమ్మిళితత్వం పాఠ్యాంశం ఎంపికలోనే కాదు, ప్రశ్న ఎవరి వైపు తిరుగుతున్నదన్న దానిలోనూ ఉంటుంది.

ప్రాంతం దృష్ట్యా కూడా ఈ అసమతుల్యం గమనించవచ్చు. నంద్యాల పేరు తెలుగు విద్యార్థికి ప్రధానంగా ఒకే సందర్భంలో ఎదురవుతుంది. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' నంద్యాల కృష్ణమరాజుకు అంకితమైంది. పదహారో శతాబ్ది నంద్యాల పాఠ్యంలో ఉంది, ఆధునిక నంద్యాల దాదాపు లేదు. కోలకలూరి ఇనాక్ 'అనంత జీవనం' అనంతపురం కరవును, బండి నారాయణస్వామి 'శప్తభూమి' సీమ చరిత్రను నవలలుగా మలిచాయి. ఒకటి మూర్తిదేవి పురస్కారం, మరొకటి సాహిత్య అకాడమీ పురస్కారం పొందాయి. పురస్కారాలకు అందిన నవలలు పాఠ్యానికి అందడానికి ఇంత కాలం పట్టకూడదు.

6. పరిశోధన: సమాచారదాత నుంచి పరిశోధకుడి దాకా

తెలుగు పరిశోధన పల్లెను ఎన్నడూ మరువలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1956లో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పి.హెచ్‌డి. పొందారు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథా కవిత్వాన్ని పరిశోధించారు. 1847లో కోవెలకుంట్లలో ఉరితీతకు గురైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిపై రేనాటి జనం పాడుకున్న పాట సాహిత్య చరిత్రలోకి ఇటువంటి పరిశోధనల ద్వారానే వచ్చింది. ఈ కృషి విలువైనది.

కాని ఆ సిద్ధాంతగ్రంథాల సంప్రదాయంలో ఒక అలవాటు స్థిరపడింది. అనుబంధంలో సమాచారదాతల పట్టిక ఉంటుంది. పేరు, వయసు, కులం, ఊరు. పాట వారిది, వ్యాఖ్యానం మరొకరిది. ఒక తరంలో అది అనివార్యం కావచ్చు. పాడినవారి మనవళ్లు, మనవరాళ్లు నేడు అదే శాఖలో విద్యార్థులుగా ఉన్నప్పుడు కూడా ఆ పట్టిక అట్లాగే కొనసాగితే ఆలోచించవలసిందే.

చెంచుల విషయం దీనికి పరాకాష్ఠ. ఆళ్లగడ్డ సమీపంలోని అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించాడని జనవిశ్వాసం. పారువేట ఉత్సవంలో స్వామి ఊరూరా తిరగడం ఆ బంధుత్వాన్ని ఏటా గుర్తుచేస్తుంది. యక్షగానాల నుంచి సినిమా దాకా చెంచులక్ష్మి తెలుగువారి ఇష్టకథ. మరోవైపు, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1943లోనే చెంచులపై గ్రంథం ప్రకటించాడు. ప్రభుత్వం వారిని అత్యంత బలహీన గిరిజన సమూహాల్లో చేర్చింది. కథలో చెంచు నాయిక, గ్రంథంలో చెంచు వస్తువు, జాబితాలో చెంచు లబ్ధిదారు. పరిశోధకుడి స్థానంలో చెంచు ఎంత తరచుగా కనిపిస్తున్నాడన్నదే తెలుగు శాఖల ముందున్న అసలు ప్రశ్న.

ఈ దృష్టితో చూస్తే స్థానిక విద్యార్థి శాఖకు భారం కాదు, ఆధారం. శ్రీశైలం జలాశయం కింద 1981 నాటికి దాదాపు వంద గ్రామాలు మునిగిపోయాయి. వాటిలో నందికొట్కూరు, ఆత్మకూరు ప్రాంతాల ఊళ్లు ఉన్నాయి. ఆ ఊళ్ల పేర్లు, పొలాల పేర్లు, గుడి, దర్గా, రచ్చబండ కథలు నిర్వాసిత కుటుంబాల పెద్దల జ్ఞాపకంలో ఉన్నాయి. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊళ్ల పేర్లను పరిశోధించినట్టు, మునిగిన ఊళ్ల పేర్లను పరిశోధించవలసి ఉంది. ఈ పనికి అందరికంటే తగినవారు ఆ పెద్దల మాట అర్థమయ్యే ఇంటి పిల్లలే. ఆ తరం పెద్దలు తగ్గిపోతున్నారు కాబట్టి ఇది వాయిదా వేయదగిన పని కూడా కాదు. ఇక్కడ వైవిధ్యం దయాధర్మం కాదు, జ్ఞానానికి అవసరం.

ఆత్మకథలు కూడా ఈ విషయాన్నే బలపరుస్తున్నాయి. వై.బి. సత్యనారాయణ 'మా నాయన బాలయ్య' రైల్వేలో కింది స్థాయి ఉద్యోగం చేసిన తండ్రి పిల్లలను కళాశాల అధ్యాపకుల స్థాయికి చేర్చిన కథ. అందులో చదువుకు సంబంధించిన చరిత్ర పత్రాల్లో దొరికేది కాదు, లోపలినుంచి చెప్పినది. ఎ. రేవతి ఆత్మకథను 'ఒక హిజ్రా ఆత్మకథ'గా అనువదించిన పి. సత్యవతికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. వస్తువుగా ఉన్నవారు వక్తలైతే జ్ఞానం ఏ విధంగా మారుతుందో ఈ గ్రంథాలు చూపాయి.

7. అందుబాటు: అక్షరం ఎవరికి చదవబడుతుంది?

దివ్యాంగుల చేర్పు అనగానే వాలుదారులు, లిఫ్టులు, పరీక్షలో లేఖకుడు గుర్తుకొస్తాయి. అవన్నీ కావాలి. తెలుగు శాఖకు మాత్రం వీటికంటే ముందున్న సమస్య అక్షరానిదే. చూపు లేని విద్యార్థి కంప్యూటర్‌లో తెలుగు చదవాలంటే పాఠం యూనికోడ్‌లో ఉండాలి. ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్ యూనికోడ్ తెలుగును వినిపించగలదు. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం తెరపై తెలుగుగా కనిపించినా, కంప్యూటర్‌కు అది తెలుగు కాదు. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా చదువుతుంది. స్కాన్ చేసిన పుటల పి.డి.ఎఫ్. అయితే అసలు ఏమీ చదవదు. శోధగంగలో చేర్చిన తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో ఈ రెండు రకాలూ విరివిగా ఉన్నాయి. అవి అందరికీ అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తాయి. కొందరికి మాత్రం మూసిన పుస్తకాలే. సిద్ధాంతగ్రంథం యూనికోడ్‌లోనే సమర్పించాలన్న ఒక్క నిబంధనకు పెద్ద ఖర్చు అక్కరలేదు.

బోధనలో కూడా ఇటువంటి సందర్భాలున్నాయి. ఛందస్సు మూలతః చెవికి సంబంధించినది. గురులఘువులను పలుకుబడిలోని కాలం నిర్ణయిస్తుంది. గణాలను గుర్తుంచుకోవడానికి పూర్వులు చెప్పిన 'యమాతారాజభానసలగం' సూత్రం కూడా వినికిడి సాధనమే. తరగతి గదిలో మాత్రం ఛందస్సు నల్లబల్ల మీద వంపు గీతలు, నిలువు గీతలుగా మారింది. చూపు లేని విద్యార్థికి ఛందస్సు కష్టమన్న అభిప్రాయం ఈ పద్ధతి వల్ల ఏర్పడినదే గాని విషయం వల్ల కాదు. పద్యాన్ని చదివి, వినిపించి, చేతితో తాళం వేయించి నేర్పితే ఆ విద్యార్థి మిగిలినవారికంటే ముందుండవచ్చు. అంతేకాదు, పద్యం చదవడం రాని మిగిలిన తరగతికీ అదే మేలు చేస్తుంది.

8. ఆక్షేపణలు - సమాధానం

ఈ ప్రతిపాదనలపై ప్రధానంగా రెండు ఆక్షేపణలు రావచ్చు. వాదాలను వేరు యూనిట్‌గా ఉంచకపోతే వాటి ప్రత్యేకత, వాటి వెనుక ఉద్యమ చరిత్ర పలచబడతాయన్నది మొదటిది. ఈ ఆక్షేపణలో బలం ఉంది. ప్రత్యేక పత్రం లోతైన అధ్యయనానికి అవసరం. అందుచేత ఈ వ్యాసం కోరేది ప్రత్యేక పత్రం రద్దు కాదు, దానితో పాటు ప్రధాన పత్రాల్లోనూ చోటు. గబ్బిలం రెండు చోట్లా చదవదగిన కావ్యం.

రెండోది, పాఠ్యం ఈ విధంగా మారితే ప్రాచీన సాహిత్య శిక్షణ బలహీనపడుతుందన్న ఆందోళన. దీనికి సమాధానం జాషువే. పద్యం మీద అధికారం లేకుండా గబ్బిలం లేదు. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ప్రబంధం అక్కరలేదని, తేలికైన పాఠ్యం చాలునని అనుకోవడం సానుభూతిగా కనిపించే మరొక రకం వెలి. కళాపూర్ణోదయం కథాసంవిధానాన్ని నంద్యాల ప్రాంత విద్యార్థి సాధికారంగా విశ్లేషించగలగాలి. తక్కువ ఆశించడం సమ్మిళితత్వం కాదు.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. రాయలసీమలో విశ్వవిద్యాలయం శ్రీబాగ్ నాటి నుంచి న్యాయమైన వాటా కోసం సాగిన పోరాట ఫలితం. ఆ చరిత్రను ప్రాంత విద్యార్థికి పాఠ్యంగా అందించవలసి ఉంది.

2. రిజర్వేషన్లు, స్థానికత, దివ్యాంగుల చట్టం ప్రవేశాన్ని సాధ్యం చేశాయి. ప్రవేశానంతర సమానత్వం మాత్రం శాఖల విద్యావిషయక నిర్ణయాలపై ఆధారపడుతుంది.

3. మాండలికాన్ని అధ్యయన వస్తువుగా గౌరవించి, విద్యార్థి రచనలో దోషంగా లెక్కించే వైరుధ్యాన్ని మూల్యాంకన మార్గదర్శకాల ద్వారా సరిదిద్దాలి.

4. అస్తిత్వ సాహిత్యాలను చివరి యూనిట్‌కు పరిమితం చేయకుండా, ప్రక్రియల చరిత్రలో వాటి సహజ స్థానంలో కూడా బోధించాలి.

5. జానపద, గిరిజన పరిశోధనల్లో ఆయా సమాజాల విద్యార్థులు పరిశోధకులుగా ఎదిగే అవకాశం కల్పించాలి. మునిగిన ఊళ్ల మౌఖిక చరిత్ర వంటి అంశాలు తక్షణ ప్రాధాన్యం గలవి.

6. సిద్ధాంతగ్రంథాలు, పాఠ్యసామగ్రి యూనికోడ్‌లో ఉండడం తెలుగు శాఖలు వెంటనే అమలు చేయగల సమ్మిళిత చర్య.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం గాని, పెద్ద నిధులు గాని అక్కరలేదు. పాఠ్యప్రణాళికా సంఘం సమావేశంలో ఒక తీర్మానం, జవాబుపత్రం దిద్దేటప్పుడు ఒక్క క్షణం ఆలోచన, పర్యవేక్షకుడి నుంచి ఒక ప్రోత్సాహం చాలు. పోతిరెడ్డిపాడు గేట్ల నుంచి కదిలిన నీరు చివరి మడికి చేరినప్పుడే ఆ గేట్లకు అర్థం. విశ్వవిద్యాలయం తలుపుల విషయంలోనూ అంతే. జూపాడు బంగ్లా నుంచి వచ్చిన విద్యార్థిని హాజరుపట్టీలో కనిపిస్తే ప్రవేశం జరిగినట్టు. ఆమె మాట జవాబుపత్రంలో నిలిచి, ఆమె ఊరు పాఠ్యంలోకి వచ్చి, ఆమె పేరు సిద్ధాంతగ్రంథం అనుబంధంలో కాక ముఖపత్రం మీద కనిపిస్తే సమ్మిళితత్వం జరిగినట్టు.